నేరం పాత యజమానిది

ఆక్లాండ్‌లో మేముండే పాపటోయిటోయి మీదికి 2021 జూన్ 19, శనివారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో సుడిగాలి వచ్చింది. కొద్ది నిమిషాల్లో వెళ్ళిపోయింది కూడా. వెయ్యికి పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి. పక్కనే విరిలో సరుకుల కేంద్రంలో పనిచేస్తున్న ఒకాయన ప్రాణం పోయింది. ఆ సుడి నడిచిన దారికి మా వీధి కాస్త ఎడంగా ఉంది. మా ఇంటికి ఒక్క పెంకు కదల్లేదు, ఒక్క అద్దం పగల్లేదు. మాకు జరిగిన నష్టమంతా ఆ తర్వాత నేను చేసిపెట్టుకున్నదే.

ఆ సాయంత్రం వీధుల వెంట నడిచి చూసొచ్చాను. లేచిపోయిన కప్పుల కన్నా, వేర్లతో సహా పడిపోయిన చెట్లే కళ్ళలో నిలిచిపోయాయి. ఒకచోట మట్టి పట్టిన వేర్ల చట్రం మనిషి కన్నా ఎత్తుగా లేచి నిలబడి ఉంది. అంత చెట్టునూ ఇన్నాళ్ళు పట్టి ఉంచింది ఇంత పలచటి మట్టేనా అని ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యం దగ్గరే ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుపడేవాణ్ణి. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉంటాయనీ, కొమ్మల నీడను దాటి చాలా దూరం పాకుతాయనీ అప్పుడే తెలిసేది. నేను నిలబడలేదు. ఇంటికొచ్చి, ప్రమాదం ఎక్కడుందా అని పైకి చూశాను. ఆ తర్వాత రెండేళ్ళ పాటు పైకే చూస్తూ ఉన్నాను.

మా ఇంటికి రెండు చెట్లు. ముందు వైపు పోహుటుకావా. డిసెంబరులో ఎర్రగా పూసి, న్యూజీలాండ్ క్రిస్మస్ చెట్టు అనిపించుకునేది అదే. మాది బాగా పెద్దది. మొదట్లోనే ఒక పక్కకు ఒరిగి, మెలికలు తిరిగి, సగం కొమ్మలు మా పడకగది మీదికి వచ్చి ఉండేవి. వెనక గ్యారేజ్ పక్కన లిక్విడంబర్. అమెరికా నుంచి వచ్చి ఇక్కడి పెరళ్ళలో స్థిరపడిన చెట్టు. శరత్తులో ఆకు ఎర్రబడి రాలుతుంది. అది నిటారుగా, వంక పెట్టడానికి లేకుండా పెరిగింది. ఇల్లు అమ్మిన పెద్దాయన తాళాలు ఇచ్చేటప్పుడు గదుల కన్నా ఈ రెంటినీ ఎక్కువసేపు చూపించాడు. నేను ఊకొట్టాను. సుడిగాలి తర్వాత ఒక్క సాయంత్రంలో తీర్పు చెప్పేశాను: తిన్నగా ఉన్నది మంచిది, వంకరగా ఉన్నది మనల్ని చంపుతుంది.

ఒరిగిన చెట్లన్నీ ఒకటి కావని నాకు తెలియదు. చిన్నప్పుడే ఒరిగిన చెట్టు తర్వాత చివరను మళ్ళీ ఆకాశం వైపు తిప్పుకుంటుంది. బరువు పడే చోట ఏటికేడు చెక్క కలుపుకుంటుంది. దశాబ్దాలుగా ఆ పని చేస్తున్న చెట్టు, ఒరిగినా సరే, తన బరువు సంగతి తాను చూసుకుంటోందన్నమాట. భయపడవలసింది కొత్తగా ఒరిగినదాన్ని చూసి. అందులో మాను మొదలు చివరి దాకా ఒకే గీతలా వాలుతుంది, ఒక పక్క నేల ఉబ్బుతుంది, రెండో పక్క నేల పగులుతుంది. మా పోహుటుకావా చివర్లన్నీ నిలువుగా పైకే ఉండేవి. రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూసేవాణ్ణి. చూసిందేమిటో తెలియలేదు.

దీనికి తోడు చట్టం కూడా నాకు అడ్డం రాలేదు. పాలమూరులో పెరిగినవాణ్ణి. అక్కడ వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఇంట్లో చెట్టయినా కొట్టాలంటే అనుమతి అడగాలన్న జంకు మనసులో ఎక్కడో ఉండేది. ఇక్కడ కూడా ఒకప్పుడు నగరాల్లోని పెద్ద చెట్లన్నిటికీ మూకుమ్మడి రక్షణ ఉండేదట. 2009లో చట్టం సవరించారు, 2012 నుంచి ఆ రక్షణ పోయింది. ఇప్పుడు ఆక్లాండ్‌లో విశిష్ట వృక్షాల జాబితాలో పేరున్నవాటికి, మరికొన్ని ప్రత్యేక స్థలాల్లోని వాటికి మాత్రమే అనుమతి కావాలి. కౌన్సిల్ జాబితా వెతికాను. మాది లేదు. అనుమతి అక్కర్లేదు అంటే ఆలోచన కూడా అక్కర్లేదని అర్థం చేసుకున్నాను.

ఆర్బరిస్ట్ అనే వృత్తి ఒకటుందని, చెట్టును కొట్టడం కన్నా చదవడం వాళ్ళ అసలు పని అని అప్పటికి నాకు తెలుసు. ఒకరిని ధర అడిగాను కూడా. చూసి నివేదిక రాయడానికే డబ్బు అడిగారు. కొట్టకుండానే డబ్బా అనుకుని మానేశాను. చైన్ సా ఉన్న ఒక మనిషి దొరికాడు. గడ్డి కోస్తాడు, గట్టర్లు కడుగుతాడు, చెట్లూ నరుకుతాడు. పోహుటుకావా మొత్తం తీసేస్తే మొద్దుతో సహా ఇంత, తలకాయ ఒక్కటీ తీసేస్తే అందులో సగం అన్నాడు. సగం అన్న మాట దగ్గర నా చదువు, ఉద్యోగం, లోకజ్ఞానం అన్నీ ఆగిపోయాయి. తల తీయించాను. సాయంత్రానికి మా ఇంటి ముందు చేతులు నరికిన మొండెం ఒకటి మిగిలింది. నాకైతే గుండెల మీద బరువు దిగింది.

అలా నరికిన చెట్టు ఊరుకోదు. ఆకులు పోతే దానికి తిండి పోయినట్టే. కాబట్టి నరికిన ప్రతిచోటా బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒకేసారి లేస్తాయి. గుత్తులు గుత్తులుగా చువ్వలు వస్తాయి. మామూలు కొమ్మ మానుతో పాటు లోపలి నుంచి పొరలు పొరలుగా అల్లుకుని పెరుగుతుంది. ఈ చువ్వలు పైపొరకు మాత్రమే అతుక్కుని ఉంటాయి, కింద నరికిన మొద్దేమో పుచ్చుతూ ఉంటుంది. చువ్వలు లావెక్కి, బరువెక్కాక అక్కడే విరుగుతాయి. అంటే ప్రమాదం తగ్గించుకోవడానికని డబ్బిచ్చి, కొన్నేళ్ళ తర్వాత రాబోయే ప్రమాదాన్ని కొనుక్కున్నాను.

గాయాలు చూసి నాకే జాలేసింది. ఆ జాలితో ఇంకో పని చేశాను. మా పిల్లలమర్రి గుర్తొచ్చింది. మహబూబ్‌నగర్ పక్కన, ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్ళేవాళ్ళు. 2017 చివర్లో దాని కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు పట్టిందని తేలింది. 2018లో మందు నీళ్ళను సెలైన్ సీసాల్లో పోసి, చుక్కచుక్కగా చెట్టుకు ఎక్కించారు. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. అది తలుచుకుని, నేనూ వైద్యం మొదలుపెట్టాను. నరికిన చోట్లన్నిటికీ నల్లటి తారు రంగు పూశాను, దాని మీద వేపనూనె. అలెక్స్ షైగో అనే అమెరికా శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా చీల్చి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ, చుట్టూ గోడ కట్టి పుచ్చును లోపలే ఆపుతుందనీ, మనం పూసే రంగుల వల్ల దానికి ఒరిగేదేమీ లేదనీ 1970లలోనే చెప్పాడు. ఆయన సంగతి నాకు తర్వాత తెలిసింది. పిల్లలమర్రి సంగతి మాత్రం తెలిసే ఉంది, అందులో అసలు పాఠం కూడా కళ్ళెదుటే ఉంది. కొమ్మ విరగగానే అక్కడివాళ్ళు మొట్టమొదట చేసిన పని సందర్శకులను చెట్టు కిందికి రానివ్వకుండా ఆపడం. సీసాలు ఆ తర్వాత వచ్చాయి. నా కళ్ళకు సీసాలే కనిపించాయి.

కరోనా ఆంక్షలు పోయి 2022లో దేశం తలుపులు తెరిచాక మా అమ్మకు వీసా వచ్చింది. ఆమెకో గది కావాలి. గ్యారేజ్‌ను గదిగా మార్చాం. ఇక్కడ దాన్ని స్లీప్‌ఔట్ అంటారు. గ్యారేజ్ గది అయ్యాక కార్లు ఎక్కడ పెట్టాలి? లిక్విడంబర్‌కూ నైరుతి వైపు ఫెన్స్‌కూ మధ్య గడ్డి పట్టీ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని కాంక్రీట్ చేస్తే రెండు కార్లు పడతాయి. విజయవాడలో మా ఆవిడకు తెలిసిన వాస్తు పంతులు గారికి ఫోన్ చేసి అడిగాం. నైరుతిలో బరువైన చెట్టు ఉండటం శుభం, దాన్ని మాత్రం కదిలించకండి అన్నాడాయన. కదిలించలేదు. చిన్న డిగ్గర్ అద్దెకు తెచ్చి, దాని పక్కన తవ్వాను.

వేర్లు తగిలాయి. పిడికిలి కన్నా లావైనవి, కొన్ని అంతకు రెండింతలు. డిగ్గర్ పళ్ళకు చిక్కి పీచులు పీచులుగా తెగాయి. మిగిలినవి రంపంతో కోశాను. మానుకు మీటరు దూరంలో, ఒక పక్కంతా, వరసగా. ఆ పని చేస్తుంటే నాకు ఏ అనుమానమూ రాలేదు. చెట్టు పైన ఉంది, వేర్లు అడ్డం వచ్చాయి, అంతే. మా ఆవిడది ఒంగోలు వైపు, భోగి మంట లేకపోతే ఆమెకు పండగ కాదు. ఆ వేర్ల ముక్కలు ఎండబెట్టి, 2023 జనవరిలో చిన్న ఇనప తొట్టిలో భోగి వేసుకున్నాం. బాగా మండాయి.

గాలి వచ్చే వైపు వేర్లు చెట్టుకు షామియానా తాళ్ళలాంటివి. గాలి తోసినప్పుడు లాగి పట్టుకునేవి అవే. ఆక్లాండ్‌లో ఎక్కువగా వీచే గాలి నైరుతిది. పుట్టినప్పటి నుంచీ ఆ గాలికే తట్టుకుంటూ పెరిగిన చెట్టు, ఆ వైపే వేర్లను బలంగా పెంచుకుని ఉంటుంది. నేను కోసింది సరిగ్గా ఆ వైపు. నైరుతి గాలికి చెట్టు పడితే ఈశాన్యం వైపు పడుతుంది. ఈశాన్యంలో ఏముంది? గ్యారేజ్. అందులో మా అమ్మ మంచం. మా అమ్మ కోసం గది, గది కోసం డ్రైవ్‌వే, డ్రైవ్‌వే కోసం వేర్లు. వరసలో పెట్టి చూసుకుంటే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

ఈ నగరంలో చెట్టును గాయపరిచిన మనుషుల్లో పేరున్నవాడు మైక్ స్మిత్. వన్ ట్రీ హిల్ అని పిలిచే మౌంగకియెకియె శిఖరం మీది ఒంటి పైన్ చెట్టును 1994లో చైన్ సాతో కోశాడు. మావోరీల పట్ల ప్రభుత్వం చేసిన అన్యాయానికి నిరసనగా చేసిన పని అది. చెట్టు వెంటనే కూలలేదు. ఉక్కు తాళ్ళతో కట్టి కొన్నేళ్ళు కాపాడారు. మళ్ళీ దాడి జరిగింది. ఇక సందర్శకులకు ప్రమాదమని 2000 అక్టోబరులో తీసేశారు. గాయానికీ కూలడానికీ మధ్య ఏళ్ళు గడవవచ్చని ఊరంతా చూసింది. ఆయనకు ఒక చరిత్ర ఉంది, కోపం ఉంది. నాకు కార్లు పెట్టుకునే చోటు కావలసి వచ్చింది.

2023 జనవరి 27న ఆక్లాండ్‌ను వరద ముంచింది. నేల పూర్తిగా నానిపోయింది. రెండు వారాలకు గాబ్రియెల్ తుఫాను వస్తోందన్నారు. నానిన నేల, పెద్ద గాలి. చెట్లు కూలడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆపాటి జ్ఞానం నాకూ ఉంది. ఆ రాత్రి కుటుంబాన్ని కాపాడుకోవడానికి పథకం వేశాను. పడకగదులు ముందు వైపు, పోహుటుకావాకు దగ్గర. తల లేకపోయినా దాని మీద నాకు నమ్మకం లేదు. అందుకని పిల్లల పరుపులు మోసుకెళ్ళి, అందరినీ అమ్మతో పాటు వెనక స్లీప్‌ఔట్‌లో పడుకోబెట్టాను. రేకు కప్పు, సన్నటి గోడలు, పక్కనే వేర్లు తెగిన లిక్విడంబర్. మా వంశం మొత్తాన్ని తీసుకెళ్ళి దాని కింద పెట్టి, నేను టార్చిలైట్ పట్టుకుని ముందు గుమ్మంలో పోహుటుకావాకు కాపలా కాశాను.

"ఇంట్ల ఇన్ని రూములు వెట్టుకొని అందరం గీడనే వండుడేంది బిడ్డా?" అని అమ్మ అడిగింది. "నీకు తెలవదమ్మా, అటు చెట్టు డేంజర్" అన్నాను.

ఏమీ పడలేదు. తుఫాను పోతూ పోతూ గాలి దిక్కు మార్చింది. తెల్లవారి చూస్తే లిక్విడంబర్ మొదట్లో, కొత్త కాంక్రీట్ అంచున, నేల బెత్తెడు పొడుగున పగిలి ఉంది. చెట్టు ఊగినప్పుడు వేర్ల చట్రం కాస్త లేచి మళ్ళీ కూర్చుందన్నమాట. చెట్టు తన గురించి తాను చెప్పుకోగలిగిన మాటల్లో ఇంతకన్నా స్పష్టమైనది లేదు. నేను చీపురుతో మట్టి తోసి, నీళ్ళు చల్లి, కాలితో తొక్కి ఆ పగులును పూడ్చేశాను. కాంక్రీట్ పని సరిగ్గా రాలేదని మా ఆవిడ అంటుందేమోనని నా భయం.

ఏప్రిల్ చివర్లో చెట్టు మొదలు చుట్టూ తేనె రంగు పుట్టగొడుగులు గుత్తులుగా లేచాయి. నేల సారంగా ఉందని సంతోషించి ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పక్కింటి సమోవా పెద్దాయన ఫెన్స్ మీదుగా చూసి, "బ్రో, అవి తినేవి కావు. చెట్టును తింటున్నవి. ఎవరినైనా పిలువు" అన్నాడు. ఆయన ఒకప్పుడు తోటపని చేసిన మనిషి. ఆయన మనవలు ఆడుకునే ట్రాంపొలిన్ ఆ ఫెన్స్ అవతలే ఉంది. అందుకు పిలిచాను. నా ఇంట్లోవాళ్ళ కోసం పెట్టని ఖర్చు, పక్కవాళ్ళు కోర్టుకు పోతారేమోనని పెట్టాను. ఇక్కడ పొరుగువాళ్ళ చెట్టు ప్రమాదమనిపిస్తే 2007 నాటి ఆస్తి చట్టం కింద కోర్టును ఆశ్రయించవచ్చు. అది నేను రాత్రికి రాత్రే చదివేశాను.

వచ్చిన ఆర్బరిస్ట్ ఒకావిడ. నేను గేటు దగ్గరే మొదలుపెట్టాను: ఎత్తు ఇంత, వయసు ఇంత ఉండొచ్చు, పుట్టగొడుగులు ఇక్కడ. ఆమె తలూపి, చెట్టు దగ్గరికి వెళ్ళి, దానికి వీపు పెట్టి నిలబడింది. చెట్టు వైపు చూడనే లేదు. ఇల్లు, స్లీప్‌ఔట్, ఫెన్స్, ట్రాంపొలిన్, బట్టల తీగ. ఒక్కొక్కటే చూసి, "ఆ గదిలో ఎవరు పడుకుంటారు? ఎంతసేపు?" అంది.

వాళ్ళ లెక్కలో మూడు ప్రశ్నలుంటాయి. విరిగే అవకాశం ఎంత, విరిగితే తగిలేది ఏమిటి, తగిలితే ఎంత నష్టం. మూడూ కలిస్తేనే ప్రమాదం. అంతర్జాతీయ వృక్షసంరక్షణ సంఘం పద్ధతిలో వీటిని మాటల్లో చెబుతారు: కూలడం దాదాపు జరగదు, జరగవచ్చు, జరిగేలా ఉంది, ఇవాళో రేపో. బ్రిటన్‌లో మైక్ ఎల్లిసన్ తయారుచేసిన క్యూటీఆర్‌ఏ పద్ధతిలో అంకెల్లో చెబుతారు. ఏడాదికి పది లక్షల్లో ఒకటి కన్నా తక్కువ ప్రమాదమైతే దాని జోలికి పోనక్కర్లేదు. పదివేలలో ఒకటి దాటి, అదీ ఇతరుల నెత్తిన పడేదైతే, ఏదో ఒకటి చేయాలి. అసలు చెట్టు మీద పడి చనిపోయే అవకాశం ఎంత చిన్నదో చెప్పడానికి బ్రిటన్ వాళ్ళ అంకె ఒకటుంది: అక్కడ ఏడాదికి కోటి మందిలో ఒకరు. మన భయం ఆ అంకెను ఎప్పుడూ చూడదు.

రెండో ప్రశ్న నన్ను పట్టుకుంది. నేను పోస్టు డబ్బా దాకా పోయి రావడానికి చెట్టు కింద గడిపేది రోజుకు ఒక నిమిషం అనుకుందాం. మా అమ్మ ఆ గదిలో నిద్రపోయేది ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు. చెట్టు అదే, గాలి అదే. ఆమె మీద పడే అవకాశం నా మీద పడేదానికి 480 రెట్లు. చెట్టును ముట్టుకోకుండా, చైన్ సా తేకుండా, మంచం జరిపితే ఆ అంకె పడిపోతుంది. అంత చవకైన పరిహారం ఉంటుందని నాకు తోచలేదు. చెట్టు విషయమంటే చెట్టుకే ఏదో చేయాలనుకున్నాను.

అప్పుడు ఆర్బరిస్ట్ చెట్టు వైపు తిరిగింది. నైలాన్ సుత్తితో మాను చుట్టూ కొట్టి విన్నది. సన్నటి ఇనప పుల్లతో మొదలును పొడిచి చూసింది. లోపల బోలుగా ఉన్నా సరే, వ్యాసార్థంలో సుమారు మూడో వంతు మందాన గట్టి చెక్క చుట్టూ మిగిలి ఉంటే మాను సాధారణంగా నిలుస్తుందని జర్మనీ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ చెప్పిన సూత్రం ఒకటుందట. దాని మీద వాదాలూ ఉన్నాయట. మా చెట్టు మాను గట్టిగానే పలికింది. పుట్టగొడుగులు ఆర్మిల్లేరియా అంది, వేర్లను తినే రకం. సుత్తికి వేర్లు వినపడవు కదా. అందుకే ఆమె నా వైపు తిరిగి అడిగింది:

"ఈ డ్రైవ్‌వే ఎప్పటిది?"

ఎందుకు అడిగిందో నాకు సరిగ్గా తెలియదు. అయినా ఆమె గొంతులో ఏదో విని, నేరస్తుడికి తెలిసినట్టు తెలిసిపోయింది. "మేం ఇల్లు కొనేటప్పటికే ఉంది. పాత యజమాని వేయించాడు" అన్నాను.

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట. ఆమె రాసుకుంది. నా దృష్టిలో అది పరువు కాపాడుకునే చిన్న అబద్ధం. ఆమె లెక్కలో అది సాక్ష్యం. వేర్లు పదిహేనేళ్ళ కిందట తెగి, అన్ని చలికాలాల గాలులనూ తట్టుకుని చెట్టు నిలబడి ఉంటే, అది కొత్త వేర్లు వేసుకుని సర్దుకుందని అర్థం. మొన్న తెగి ఉంటే, ఇంకా ఏ పరీక్షా రాయలేదని అర్థం. ఒకే కాంక్రీట్, రెండు చెట్లు. పగులు చూపించడానికి లేదు, నేనే పూడ్చాను. చెట్టుకు నోరు లేదు. దాని తరఫున చెప్పవలసిన ఒక్క సాక్షినీ నేనే. నేను చెట్టు మీద కాదు, పాపటోయిటోయిలోనే ఇంకెక్కడో ప్రశాంతంగా బతుకుతున్న ఒక పెద్దాయన మీద నేరం పెట్టాను.

నివేదిక వచ్చింది. కూలే అవకాశం: జరగవచ్చు. మంచం ఇంట్లోకి మార్చండి, చలికాలం తర్వాత మళ్ళీ చూద్దాం, ఇప్పుడే తీయనక్కర్లేదు. నగరంలో నీడ ఎంత తక్కువో కూడా ఒక వాక్యం రాసింది. కౌన్సిల్ 2019లో వేసిన వ్యూహపత్రం ప్రకారం ఆక్లాండ్ నగరంలో చెట్ల నీడ సగటున 18 శాతం. మా పక్కనున్న మాంగెరే-ఒటాహుహులో 8. దక్షిణ ఆక్లాండ్‌లో ఒక పెద్ద చెట్టును నిలబెట్టగలిగితే నిలబెట్టాలని ఆమె తాపత్రయం. మా ఆవిడ చదివి, "చూశారా, ఏమీ కాదన్నారు. పాతాయన ఎవరో కాస్త బుద్ధి లేకుండా వేర్లు నరికాడు, అంతేగా" అంది. తవ్వినప్పుడు ఆమె పిల్లలతో ఒంగోలులో ఉంది. గడ్డి తీసి కాంక్రీట్ పోశానని తెలుసు, వేర్ల సంగతి తెలియదు. భోగికి ముక్కలు ఎక్కడివని అడగలేదు. ఆమె చదివింది నా పేరు లేని నా నేరం, అందులో తేదీ తప్పు.

అమ్మను ఇంట్లోకి మార్చాం. నాకు నిద్ర పట్టలేదు. నైరుతి గాలి వీచిన రాత్రుల్లో లేచి వెనక తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. చివరికి ఒక పొద్దున ఆర్బరిస్ట్‌కు ఫోన్ చేశాను. వేర్లు నేనే కోశానని, ఎప్పుడు, ఎంత లావువి, మానుకు ఎంత దూరంలో, పగులు సంగతి, దాన్ని పూడ్చిన సంగతి, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఎంత లోతు?" అని అడిగింది. చెప్పాను. అప్పుడు అంది: "నివేదిక పంపాక కౌన్సిల్ జియోమ్యాప్స్‌లో పాత ఆకాశ ఫోటోలు చూశాను. మీ డ్రైవ్‌వే ఉన్న చోట గడ్డి ఉంది. మీకు ఇవాళ సాయంత్రం ఫోన్ చేద్దామనుకున్నాను."

ఆక్లాండ్‌లో ఎవరైనా చూడవచ్చు ఆ ఫోటోలు. ఏ ఏడాది ఎవరి పెరట్లో ఏముందో అందులో ఉంటుంది. పాత యజమాని నిర్దోషి అని నాకన్నా ముందు ఆకాశం సాక్ష్యం చెప్పేసింది.

రెండోసారి వచ్చినప్పుడు కంప్రెసర్ తెచ్చారు. గాలిని బలంగా ఊది, వేర్లు తెగకుండా మట్టిని మాత్రం లేపే పరికరం. నేను డిగ్గర్‌తో ఒక పూటలో చేసిన పనిని వాళ్ళు గాలితో, ఓపికగా విప్పి చూశారు. నైరుతి వైపు నేను కోసిన మొదళ్ళన్నీ బయటపడ్డాయి. వాటిలోంచే బూజు లోపలికి ఎక్కింది, బెరడు కింద తెల్లటి పొర. మిగిలిన వైపుల వేర్లలో కూడా సగం మెత్తబడ్డాయి. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. అంచనాను ఒక మెట్టు పైకి జరిపింది. చెట్టు తీయవలసి వచ్చింది. కొమ్మ తర్వాత కొమ్మను తాళ్ళతో కట్టి దించారు, ఒక్క పెంకు మీద కూడా గీత పడలేదు. ఆ ఖర్చు డ్రైవ్‌వేకి అయినదాన్ని దాటిపోయింది. రెండో నివేదికలో 'గత చరిత్ర' అన్న చోట ఒక వరుస ఉంది: వేర్ల నరికివేత, 2022, యజమాని చేతుల మీదుగా. మా ఆవిడ ఆ వరుస దగ్గర ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమండీ, భోగికి..." అని మొదలుపెట్టి ఆపేసింది. మా అమ్మ అప్పటికి పాలమూరు వెళ్ళిపోయింది. ఫోన్‌లో అంతా విని, "గా తుఫాను నాడు మమ్మల్నందర్ని దాని కిందనే వండవెడ్తివా?" అంది. ఊఁ అన్నాను. ఆమె నవ్విన నవ్వు చుట్టాలందరికీ చేరి ఉంటుంది.

పోహుటుకావాను కూడా ఆర్బరిస్ట్ చూసింది. ఒరుగుడు పాతదే, వేర్లు భేషుగ్గా ఉన్నాయి, తల నరికించకపోతే దానికి అసలు తనను పిలవవలసిన పనే ఉండేది కాదు అంది. ఇప్పుడు ప్రతి గుత్తిలోనూ ఒకటో రెండో బలమైన చువ్వలు ఉంచి, మిగతావి కొన్నేళ్ళ పాటు కొద్దికొద్దిగా తీయాలి. కొత్త తల కట్టాలి. ఏటా ఆమెకు కట్టే డబ్బు ఆ రోజు మిగిల్చానని మురిసిపోయిన సగాన్ని దాటి చాలా కాలమైంది.

మొన్న హంటర్స్ కార్నర్‌లో కూరగాయల కొట్టు దగ్గర పాత యజమాని కనిపించాడు. చేతికర్ర వచ్చింది, గుర్తుపట్టాడు. పిల్లల గురించి అడగలేదు, ఇంటి గురించి అడగలేదు. పోహుటుకావా ఎలా ఉంది అన్నాడు. చిగురేస్తోంది అన్నాను. అది అబద్ధం కాదు. రెండో చెట్టు గురించి అడిగేలోపు, బెండకాయలు అయిపోతాయేమో అంటూ క్యూలోకి నడిచాను.